గండికోట పందేనికి నాయన సైకిలు

నా మనవరాలు మేఘన బెంగుళూరు నుంచి సైకిలు తెచ్చింది. తొక్కుకుంటూ కాదు, కారు నెత్తిన కట్టుకుని తెచ్చింది. గండికోట కొండల్లో, రాళ్ళ దారుల్లో, తెల్లారి మొదలుపెడితే పొద్దు గుంకేదాకా సాగే పందెమట. ముందురోజే ప్రొద్దుటూరులో మా ఇంట్లో దిగి వసారా అంతా సామాను పరిచేసింది. పెళ్ళికి సారె సర్దేవాళ్ళు కూడా ఇంత పరవరు. నెత్తికి పెట్టుకునే గట్టి టోపీ, చేతులకు తొడుగులు, వీపుకు తగిలించుకుని గొట్టంతో పీల్చుకునే నీళ్ళసంచి, చించి నోట్లో పిండుకునే తీపి జిగురు పొట్లాలు, గొలుసు తెగితే వేసుకోవడానికి విడి లంకెలు. టైర్లలో ట్యూబు లేదు. ట్యూబుకు బదులు ఏవో తెల్లటి పాలు పోస్తారట, ముల్లు గుచ్చుకుంటే ఆ పాలే చిల్లిని మూసేస్తాయట. "ఒక్క సైకిలుకు ఇన్ని నగలా?" అని నేను వేళాకోళం చేస్తుంటే, అది నవ్వుతూ ముందు టైరును బొటనవేలితో నొక్కి చూసి, కాస్త గాలి వదిలి, మళ్ళీ నొక్కింది. "రాళ్ళ మీద పోవాలి కదవ్వా, గాలి కొంచెం తక్కువుంటేనే టైరు నేలను పట్టుకుంటుంది" అంది. నేను చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట, ఆ బొటనవేలు, ఆ గాలి వదిలిన చప్పుడు నాకు కొత్తవి కావు. అప్పుడు అట్లా గాలి వదిలింది మా నాయన సైకిలుకు, దాన్ని ఎక్కబోయినవాడు మా అన్న ఓబులేసు.

మాది పెద్దముడియం దిక్కు పల్లె. నాలుగు గొర్రెలు, కాస్త నల్లరేగడి చేను. ఊరు రెండు పార్టీలుగా ఉండేది. పార్టీ అంటే జెండా తర్వాతి సంగతి, ముందు ఏ పెద్దాయన మనుషులమన్నదే లెక్క. జెండాలు మారేవి గాని పెద్దాయనలు మారేవారు కారు. మా నాయన ఇష్టపడి ఒకరి మనిషి కాలేదు. మా ఇల్లు ఆ వీధిలో ఉంది కాబట్టి అయ్యాడు. ఒకనాడు సైకిలు మీద జమ్మలమడుగు పోయి, ఎండ మండిపోతోందని చుట్టుదారి పట్టకుండా పోయిన దారినే తిరిగి వచ్చాడు. వంకనీళ్ళు పోవడానికి రోడ్డు కింద కట్టిన మోరీలో, ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకున్న మనుషులు కాచుకుని కూర్చున్నారు. పొద్దున ఆయన పోవడం చూసినవాళ్ళే. సైకిలును మాత్రం ఎవరో మర్యాదగా తుమ్మచెట్టుకు ఆనించి పోయారు. దానికి ఒక్క గీత కూడా పడలేదు. అమ్మకు అన్నిటికంటే అదే సహించరానిదిగా ఉండేది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట పుట్టింది. ఇతరుల ఇళ్ళలో బయటికి పోయేవాళ్ళతో "జాగ్రత్త" అన్నట్టు, మా అమ్మ "పోయిన దోవన తిరిగి రావద్దు" అనేది. బడికి పోయేటప్పుడు, చిల్లర అంగడికి పోయేటప్పుడు, చెంబు పట్టుకుని వంక వైపు పోయేటప్పుడు కూడా అదే మాట.

నాయన పోయాక మా పార్టీ పెద్దాయనే మమ్మల్ని ప్రొద్దుటూరు తెచ్చి తన శెనక్కాయల మిల్లు వెనక ఒక గది ఇచ్చాడు. అమ్మకు మిల్లులోనే పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె జుట్టు నిండా పొట్టుదుమ్ము ఉండేది. గడప బయట నిలబడి కొంగు విప్పి దులిపి, ముఖం కడుక్కుని, ఆ తర్వాతే లోపల అడుగు పెట్టేది. ఆ వేయించని శెనక్కాయల పచ్చివాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే అమ్మ వచ్చిందనుకుంటాను. తర్వాత పొయ్యి ముందు కూర్చుని సద్దరొట్టెలు తట్టేది. ఆ తట్టే చప్పుడు మిల్లు సైరన్ కంటే నమ్మకంగా మాకు పొద్దు చెప్పేది. మేం తినేటప్పుడు వాకిలికి ఎదురుగా ఎవరూ కూర్చునేవాళ్ళం కాదు. ఎవరు పిలిచినా వెంటనే పలికేవాళ్ళం కాదు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరైనా "యాడికి పోతాండారు?" అని అడిగితే పోయే ఊరు కాకుండా వేరే ఊరు చెప్పాలి. జమ్మలమడుగు పోతూ పులివెందులకని చెప్పేవాళ్ళం, పులివెందుల పోతూ కడపకని చెప్పేవాళ్ళం. నేను బడికి పోతూ కూడా ఒకసారి కడపకని చెప్పేశాను. పుస్తకాల సంచి భుజాన ఉండగా ఆ మాట చెప్పినందుకు వీధంతా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు, మెచ్చుకున్నట్టు తల నిమిరింది.

పెద్దాయన దగ్గర ఇంకో కట్టుబాటు ఉండేది. ఇంటికొక మనిషి. ఆయన జీపు కదిలితే వెంట ఉండడానికి, మా ఊరి నుంచి ఆయన పార్టీలో ఉన్న ప్రతి ఇల్లూ ఒక మగమనిషిని ఇవ్వాలి. మా ఇంటి వాటా నాయన తీర్చాడనుకున్నాం. అన్నకు మీసం వచ్చేదాకా ఎవరూ ఏమీ అనలేదు. వచ్చాక మాత్రం మిల్లుకు వచ్చిన ప్రతివాడూ "పిల్లోడు ఎదిగినాడే" అనడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్న రోజు అమ్మ రాత్రికి తినేది కాదు.

అన్నకు జీపు అంటే భయం కాదు, అసహ్యం. పొడుగు కాళ్ళ మనిషి, మాట తక్కువ. మస్తాన్ మామ నడిపే సైకిలు షాపులో పని చేసేవాడు. మస్తాన్ మామకు ఆ మాటల కొరత కూడా తీర్చేటంత నోరు ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆయన ప్రొద్దుటూరు మైదానంలో కిందికి దిగకుండా రోజుల తరబడి సైకిలు తొక్కాడట. అన్నం, స్నానం, గడ్డం గీసుకోవడం, అన్నీ సైకిలు మీదే. చెప్పిన ప్రతిసారీ ఆ రోజులు పెరిగేవి. ఆయన తమ్ముడు కువైటులో ఉన్నాడు. "వీని చేతిలో పనుందప్పా, మా తమ్మునికి జెప్పి వీసా తెప్పిస్తా" అని మాటిచ్చాడు, ఆ మాటలో మాత్రం కోత లేదు. కానీ పెద్దాయన సరే అనకుండా అన్న విమానం ఎక్కితే, మిల్లు వెనక గదిలో మిగిలేది నేనూ అమ్మా. ఆయన మనిషి పారిపోయాడన్న పేరు వస్తే మమ్మల్ని ఏం చేస్తారో ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

చివరికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని పెద్దాయన దగ్గరికి పోయింది. ఆయన వసారాలో నులకమంచం మీద పడుకుని కాళ్ళు పట్టించుకుంటున్నాడు. చుట్టూ మనుషులు, వాళ్ళు కూర్చున్న గోనెల కింద ఏముండేవో అందరికీ తెలుసు. అమ్మ గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుంది.

"నా మొగున్ని ఇచ్చినా పెద్దాయనా. కొడుకును అడగద్దండి."

"ఇంటికొక మనిషి మ్మా. నీ ఒక్కింటికి మాఫీ ఇస్తే రేపు నా యంబడి ఎవురొస్తారు?" అన్నాడు ఆయన, కోపం లేకుండానే.

"వాడు కువైటుకు పోతాడంట. యాడన్నా బతకనీండి."

 ఆ ఏడు ఎన్నికల్లో గెలిచిన సంబరానికి, ప్రొద్దుటూరు నుంచి గండికోట ఎక్కి మళ్ళీ జమ్మలమడుగు దాకా సైకిలు పందెం పెడుతున్నట్టు అప్పటికే మైకులో చాటించారు. గెలిచినవాడు ఏది కోరితే అది ఇస్తానని పెద్దాయన నలుగురిలో ప్రకటించాడు. "నీ కొడుకు సైకిళ్ళోడే గదా? ఫస్టు రానీ. అడగనీ. పది మందిలో ఇచ్చిన మాట నేను తప్పను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరూ పాలిచ్చే ఎనుమునో ఎద్దులనో అడుగుతారు. మా అన్న అడగబోయేది తనను తాను.

అమ్మ ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే అన్న అటక వైపు చూశాడు. నాయన సైకిలు అక్కడ గోనెపట్టాలు కప్పుకుని ఉంది. షాపులో గంటకింతని బాడుగకిచ్చే సైకిళ్ళు గండికోట ఎక్కేవి కావు. వాటి ఇరుసులు అరిగి, చక్రాలు వంకర పోయి ఉండేవి. నాయన సైకిలు మాత్రం గట్టిది, కడ్డీ మందం, రిమ్ములు తుప్పు పట్టలేదు. అయినా దాన్ని ముట్టుకోవాలంటే అమ్మ ఒప్పుకోవాలి. అన్న అడగలేదు. నేనూ అడగలేదు. మరుసటి పొద్దున నేను నిద్ర లేచేసరికి అమ్మే స్టూలు వేసుకుని దాన్ని దింపి, వాకిట్లో పెట్టి, చింతపండుతో రుద్దుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "గంట మాత్రం నాకియ్యి" అంది. వీధి చివర నాయన కొట్టే గంట అది. అన్న దాన్ని విప్పి ఇస్తే కొంగున కట్టుకుంది.

ఆ తర్వాత రోజులు మా గది, మస్తాన్ మామ షాపు ఒకటైపోయాయి. ముందుగా బరువు తీసేయడం. మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు, గొలుసు మీది రేకు, అన్నీ విప్పేశారు. దుస్తులు విప్పిన ముసలాయనలాగా ఉందని నేనంటే అన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు. టైర్ల దగ్గర పెద్ద గొడవే జరిగింది. సన్న టైరైతే రోడ్డు మీద జారుకుంటూ పోతుందని అన్న, కోట దగ్గర రోడ్డే లేదు, రాళ్ళూ తుమ్మముళ్ళూ తప్ప అని మామ. "వేగం వేగం అంటావు, పంచరైతే సైకిలు నెత్తిన పెట్టుకోని పరిగెత్తుతావా?" అని ఆయన అరిచాడు. చివరికి లావు టైర్లే వేసి, లోపల ట్యూబుకు, టైరుకు మధ్య పాత ట్యూబు కోసిన పట్టీ పరిచారు, ముల్లు గుచ్చుకున్నా అంత లోపలికి దిగకుండా. గాలి నిండా కొట్టాక మామ బొటనవేలితో నొక్కి చూసి కాస్త వదిలాడు. అన్న లబోదిబోమన్నాడు. "రాళ్ళ మీద గట్టి టైరు ఎగురుతాదప్పా, మెత్తగుంటేనే నేలను పట్టుకుంటాది" అన్నాడు మామ. వెనక చక్రానికి వేసే ఫ్రీవీలు దగ్గర మాత్రం అన్న మాట నెగ్గింది. ఎక్కువ పళ్ళున్నది వేస్తే గట్టు సులువుగా ఎక్కుతుంది, కాని చదునులో కాళ్ళు ఊరికే తిరుగుతాయి, ముందుకు పోదు. మామ చదునునే నమ్ముకున్నాడు. "గట్టు మీద దిగి నెట్టినోడే ఓడిపోతాడు మామా, నేను దిగను" అన్నాడు అన్న. అంతకు మించి వాదించలేదు.

తోలు సీటుకు ఆముదం పట్టించి మెత్తబరిచారు. దాని మీదికి అమ్మ మా గొర్రెల ఉన్నితో నేసిన పాత కంబడి కోసి మెత్త కుట్టింది. ఊరి గొర్రెల్లో మాకు మిగిలింది ఆ కంబడే. నీళ్ళకు ఎండిన సొరకాయ బుర్ర, కడ్డీకి కట్టింది. అందులో నీళ్ళు ఎంత ఎండకైనా చల్లగా ఉండేవి. తినడానికి శెనక్కాయలు, బెల్లం దంచిన ఉండలు. రోలు ముందు కూర్చుని అమ్మ దంచుతుంటే ఆ వాసనకు నాకు నోరూరేది, ఒకటి అడగాలంటే మాత్రం సిగ్గేసేది. ప్రతి ఉండా వీసా కాగితంలో ఒక ముక్క అన్నట్టు చూసేది అమ్మ. పొద్దున కొర్రన్నం, మధ్యాహ్నం సంగటి, సాయంత్రం కాళ్ళకు వేపనూనె. అన్న పిక్కలు రుద్దుతూ ఆమె ఏదో సణుక్కునేది. దేవుణ్ణి అడుగుతోందో, నాయనను తిడుతోందో తెలిసేది కాదు.

సాధన చేయడం అంతకంటే కష్టం. పందేనికి తయారయ్యేవాడు రోజూ ఒకే వేళకు, ఒకే దారిన పోవాలంటాడు మస్తాన్ మామ, అప్పుడే కాళ్ళకు దూరం తెలుస్తుందట. మా ఇంట్లో అది కుదరదు. అన్న ఒకరోజు తెల్లారేముందు పోయేవాడు, ఒకరోజు మిట్టమధ్యాహ్నం. ఒకరోజు జమ్మలమడుగు వైపు, ఒకరోజు మైదుకూరు వైపు. అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. దూరం ఓర్చుకోవడానికి అప్పుడప్పుడు పులివెందులలో మా మేనమామ చీనీతోట దాకా పోయేవాడు. ముద్దనూరు మీదుగా పోయి, వేంపల్లె, ఎర్రగుంట్ల మీదుగా తిరిగొచ్చేవాడు. చొక్కా నిండా ఉప్పు తేలి, పెదాలు పగిలి వచ్చి, సంచిలోంచి నాకో చీనీకాయ, అదే బత్తాయి, తీసి ఇచ్చేవాడు. "సులువుగా ఉండే దోవన రాకూడదా నాయనా, రెండింతలు తిరుగుతాండావు" అని ఒకసారి మేనమామ అడిగితే, "ఆ దోవన పొద్దున పోయినా గదా మామా" అన్నాడట. అది కారణం అడగాల్సిన సంగతే కాదన్నట్టు.

పందెం రోజు ప్రొద్దుటూరులో జీపు మీద నిలబడి ఒకాయన మైకులో షరతులు చదివాడు. కోట వాకిట్లో చేతికి ఎర్రరంగు పూస్తారు. దిగేటప్పుడు లారీలు పట్టుకుని వేలాడకుండా, తిరిగొచ్చే దారిలో తమ మనుషులు కాపలా ఉండి నీలిరంగు పూస్తారు, మజ్జిగ కూడా ఇస్తారు. రెండు రంగులుంటేనే లెక్క. "యాడుంటారన్నా మీవోళ్ళు?" అని ఎవరో అడిగారు. "దోవలోనప్పా, దోవలో" అన్నాడు మైకాయన. మా సీమలో ఏ పార్టీవాడూ తన మనుషులు ఎక్కడ కూర్చున్నారో మైకులో చెప్పడు. అప్పుడు ఆ జవాబు ఎవరికీ తప్పుగా తోచలేదు, మాకు కూడా.

నేనూ అమ్మా మస్తాన్ మామతో బస్సులో జమ్మలమడుగు పోయి, పాత మిషన్ ఆస్పత్రి ఎదురుగా, ముగింపు గీత దగ్గర నిలబడ్డాం. మోటారుసైకిలు మీద తిరుగుతున్న కుర్రాళ్ళు కబుర్లు తెచ్చేవారు. ఓబులేసు కొండ మొదట్లో వెనకబడ్డాడట. మధ్యలో అందరూ దిగి నెట్టుకుంటుంటే వీడు దిగలేదట. కోట వాకిట్లో మొదటి ఎర్రరంగు వీడికే పూశారట. మామ ఎగిరి గంతేసి, గట్టుకు పళ్ళు ఎక్కువే ఉండాలని, ఆ ఫ్రీవీలు తనే ఏరినట్టు చుట్టుపక్కలవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ కొంగు ముడిలో గంటను బిగించి పట్టుకుంది. ఆ తర్వాత ఎంతకీ కబురు రాలేదు. గండికోట రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ కనబడలేదు. కిందపడ్డాడేమో, ఎవరైనా పట్టుకున్నారేమో, అసలు ఈ పందెమే వాడిని రోడ్డు మీదికి రప్పించడానికి వేసిన ఎత్తేమో అనుకుంటూ నేను మునివేళ్ళ మీద లేచి చూస్తున్నాను. అప్పుడు వెనక నుంచి కేక వినబడింది. అందరం ఒకవైపు చూస్తుంటే అన్న ఇంకోవైపు నుంచి, ముద్దనూరు రోడ్డు నుంచి వస్తున్నాడు. ఒళ్ళంతా ఎర్రదుమ్ము, మోకాలికి నెత్తురు, చక్రాలకు చేల మట్టి. ఒక్కడే. వెనక ఎవరూ లేరు. గీత దాటి, సైకిలు వదిలేసి, అమ్మ ముందు కూలబడ్డాడు. "ఫస్టొచ్చినా మ్మా" అన్నాడు.

పందెం లెక్క చూసేవాళ్ళు చెయ్యి పట్టుకుని చూశారు. ఎర్రరంగు ఉంది. నీలిరంగు లేదు.

"కొండ దిగినాక మోరీ కింద మనుషులుండారు" అన్నాడు అన్న, ఊపిరి అందక. "తువ్వాల్లు చుట్టుకోనుండారు. నేను శానా దూరం నించే చూసినా. బండ్లదోవ పట్టి చేలల్లోబడి వచ్చినా. అది దూరం గూడా ఎక్కువన్నా, ఎవురన్నా కొలుచుకోండి."

ఆ మనుషులు పెద్దాయన మనుషులే. మజ్జిగ కుండ, నీలిరంగు డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. అవతలి పార్టీవాళ్ళు చూస్తారని మోరీ కిందికి దూరారు, అలవాటు కొద్దీ ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. కాసేపటికి మిగిలిన పందెగాళ్ళు వరసగా వచ్చారు, చేతుల నిండా నీలిరంగు, మీసాల నిండా మజ్జిగ. మొదట వచ్చిన కుర్రాడు ఎనుము కావాలని అడిగాడు. చప్పట్లు కొట్టారు.

మస్తాన్ మామ గొంతు చించుకున్నాడు. దూరం దారిన వచ్చినవాడు మోసం చేసినట్టెట్లా అవుతుందన్నాడు. తన రోజుల తరబడి సైకిలు తొక్కిన కథ కూడా మధ్యలో దూర్చాడు. అమ్మ పోయి పెద్దాయన జీపు ముందు నేల మీద పడింది. నలుగురిలో నేను మా అమ్మను అట్లా చూడడం అదే మొదలు. సిగ్గుతో, కోపంతో నాకు కళ్ళు కనబడలేదు. పెద్దాయన కిందికి దిగాడు. అమ్మను లేపమని సైగ చేసి, అన్న భుజం మీద చెయ్యేసి, తన వాళ్ళందరి వైపూ చూశాడు.

"అంత దూరం నించే మోరీ కింద మనుషుల్ని పసిగట్టినాడు చూడండ్రా. నా జీపులో ఉండే ఒక్కనికన్నా ఇట్లాంటి కండ్లుండాయా? ఇట్లాంటోన్ని ఏ ఎడారికో పంపించుకుంటానా నేను? అప్పా ఓబులేసూ, నువ్వు ముందు సీట్లో కూసో."

ఆయన వెటకారం చేయలేదు. నిజంగా మెచ్చుకున్నాడు. అందుకే ఇంకేమీ చేయడానికి లేకపోయింది.

ఆ సాయంత్రం బస్సులో అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ప్రొద్దుటూరు పొలిమేర వచ్చాక, "తప్పు చేసినానా మ్మా?" అని అడిగాడు.

"లేదు నాయనా. నేను చెప్పినట్టే చేసినావు" అంది అమ్మ. అని, నోట్లో కొంగు కుక్కుకుంది.

తర్వాత అన్న సైకిలుకు మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు ఒక్కొక్కటే బిగించాడు. తొందర లేకుండా, ఏ నట్టూ వదలకుండా బిగించి దాన్ని మళ్ళీ అటక ఎక్కించాడు. మిగిలిన శెనక్కాయల ఉండలు నాకిచ్చాడు. నేను తినలేకపోయాను, వాటికి చీమలు పట్టాయి. వారం తిరక్కుండానే జీపు మా సందు ముందు ఆగింది. ముందు సీట్లో కూర్చుని అన్న చాలా దూరాలు తిరిగాడు. ఎప్పుడు వచ్చేవాడో, ఎప్పుడు పోయేవాడో. వచ్చినప్పుడు అన్న ఒంటి మీద గ్రీజు వాసన పోయి డీజిలు వాసన ఉండేది. ఏ మోరీ దగ్గర ఎవరున్నారో అన్న దూరం నుంచే చెప్పేవాడట, పెద్దాయన ప్రాణం ఎన్నిసార్లో కాపాడాడట. ఒక పెళ్ళికి పోయి వస్తుంటే బాంబులు వేశారు. మోరీ కింద నుంచి కాదు, చింతచెట్టు మీద నుంచి. ముందు సీటు నుజ్జయింది. వెనక కూర్చున్న పెద్దాయన భుజానికి దెబ్బతో బయటపడి, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, మంచం మీద పోయాడు.

కబురు వచ్చిన రోజు అమ్మ ఏడవలేదు. కొంగు ముడి విప్పి గంట తీసి గడప మీద పెట్టింది. తర్వాత నేను టీచరు చదువుకు కడప పోయేటప్పుడు, పెళ్ళయి అత్తగారింటికి పోయేటప్పుడు, ఆమె నోటి నుంచి ఆ పాత మాట వస్తుందని ఆగి చూశాను. రాలేదు. "పోయి రా" అనేది, అంతే. ఏ దోవన రావాలో చెప్పే ధైర్యం ఆమెకు మిగల్లేదు.

ఇప్పుడు ఆ ఇద్దరు పెద్దాయనల మనవళ్ళు ఒకే పార్టీలో ఉన్నారు. మొన్న ఎవరి పుట్టినరోజుకో కట్టిన ఫ్లెక్సీలో పక్కపక్కనే చేతులు జోడించి నవ్వుతున్నారు. దాని కింద బస్సు కోసం నిలబడి నేను చాలాసేపు ఆ పళ్ళు చూశాను. ఇంటికొక మనిషిని ఇచ్చిన ఇళ్ళలో వసారా గోడకు దండేసిన ఫొటోలు మిగిలాయి, అంతే. మంచి రోజులు వచ్చాయని అందరూ అంటారు. వచ్చాయి, నేను కాదనను. నాకు మాత్రం అవి ఆలస్యంగా వచ్చినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇదంతా నేను మేఘనకు చెప్పలేదు. పందేనికి పోయే పిల్లకు చెప్పే కథ కాదిది. అది పడుకునే ముందు, "ఎట్లా పోయి ఎట్లా వస్తారే?" అని మాత్రం అడిగాను. ఫోనులో గీత చూపించింది. కోట చుట్టూ తిరిగి ఒక చుట్టుగా ఉంది. "ఇట్లా ఒక దారిలో పోయి, ఇంకో దారిలో వచ్చి చుట్టు కలపాలవ్వా. పోయిన దారిలో తిరిగొస్తే తీసేస్తారు, లెక్కలోకి రాదు" అంది. ఆ చెప్పడంలో ఏమీ లేదు, రూలు చెప్పినట్టు చెప్పింది. నేను బాత్రూములోకి పోయి కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. అన్నా, నీ పందెం వచ్చిందిరా, ఇప్పుడొచ్చింది అనుకున్నాను.

మరుసటి రోజు అది తెల్లారకముందే పోయింది. పోయే ముందు నా ఫోనులో ఏదో నొక్కి, "ఇదిగో అవ్వా, ఈ చుక్క నేనే. ఈ పచ్చ గుర్తులు మావాళ్ళు నీళ్ళు పట్టుకుని నిలబడే చోట్లు" అని చూపించింది. ఎవరు ఎక్కడ నిలబడతారో పేర్లతో సహా ఉంది, ముఖాల ఫొటోలు కూడా. లోకంలో ఎవరైనా చూడొచ్చట. నేను పూజ మానేసి, టిఫిను మానేసి, వసారాలో కూర్చుని ఆ చుక్కను చూస్తూ ఉన్నాను. కొండ దిగింది. కింద రోడ్డు దగ్గర ఒక పచ్చ గుర్తు ఉంది, వంక రోడ్డును దాటే చోట. చుక్క అక్కడికి పోయి ఆగింది. కదల్లేదు. నీళ్ళు తాగుతుందని నాకు తెలుసు. తెలిసినా లేచి నిలబడ్డాను, ఎవరిని పిలవాలో తెలియలేదు. ఆ చుక్క మళ్ళీ కదిలే లోపల నేను మా అమ్మనైపోయాను.

చుక్క కదిలింది. అప్పుడే ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏమక్కా, పాప యాడికో సైకిలేసుకోని పోయినట్టుండాదే పొద్దున్నే?" అని పలకరించింది. మంచి మనిషి, పదేళ్ళుగా ఎరుగుదును.

నేను ఫోను కొంగు కింద పెట్టుకున్నాను.

"పులివెందులకు పోయింది మ్మా" అన్నాను.